సీసాలో చామనచాయ

మొన్న హైదరాబాదులో ఒక పెండ్లి విందులో పక్క విస్తరి పెద్దమనిషి ఒక చమత్కారం విసిరాడు. "తెల్ల దొరసానులు నల్లబడటానికి సీసాలు కొంటారు, మన ఆడవాళ్లు తెల్లబడటానికి ట్యూబులు కొంటారు. చెల్లుకు చెల్లు!" పంక్తి అంతా నవ్వింది. మర్యాదకు నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక ఆ నవ్వు గొంతులో చేపముల్లులాగా అడ్డుపడి కూర్చున్నది. ఇదే మాటను మన బ్లాగరులలో కొందరు టపాలుగా రాసి చప్పట్లు కొట్టించుకొన్నారు కూడా. మిత్రులారా, అది హాస్యం కాదు, తప్పుడు లెక్క. ఎందుకు తప్పుడు లెక్కో చెప్పడానికే ఈ టపా. కొంచెం పొడవవుతుంది, ఓపిక పట్టండి.

ఈ విషయంలో నోరు విప్పే అర్హత నీకెక్కడిదని అడగవచ్చు. ఆ దొరసానుల సీసా ఒకటి నారాయణఖేడులో మా అక్కయ్య ఇంట్లో, దేవుడి గూటి పక్క గూట్లో ఉన్నది. దానిని ఎట్లా పూయాలో నేను నా చేతులతో నేర్చుకొన్నాను. దాని పేరు సెల్ఫ్ ట్యానర్. తెలుగు చేయకుండా ఉండలేని జబ్బు మనకందరికీ ఉన్నదే కాబట్టి, "స్వయంశ్యామకం" అన్నాను. మా మేనకోడలు పగలబడి నవ్వి, "మామా, అది పాము పేరు లెక్క ఉన్నది" అన్నది. చివరకు పేరు తనే పెట్టింది: చామనచాయ సీసా. ఇంతకన్న మంచి తెలుగు నాకు తోచలేదు.

సీసాలోని అసలు సరుకు డైహైడ్రాక్సీఅసిటోన్. పేరు రాక్షసుడిది, వస్తువు మాత్రం మూడు కర్బన పరమాణువుల చిన్న చక్కెర. 1950లలో అమెరికాలోని సిన్సినాటిలో ఈవా విట్‌గెన్‌స్టైన్ అనే పరిశోధకురాలు, శరీరంలో గ్లైకోజెన్ పేరుకొనిపోయే జబ్బున్న పిల్లలకు దీనిని తాగించి పరీక్షలు చేస్తుండగా, ఒలికినచోట చర్మం గోధుమరంగుకు తిరగడం కనిపించింది. 1960లో ఆ సంగతి సైన్స్ పత్రికలో వచ్చింది. ఆ కాలంలోనే సరుకు అంగళ్లకూ ఎక్కింది. ఇది చర్మం పైపొరను, అంటే అప్పటికే చచ్చి రాలడానికి సిద్ధంగా ఉన్న పొరను, పట్టుకొంటుంది. ఆ పొరలోని మాంసకృత్తులతో ఈ చక్కెర కలిసి గోధుమవన్నె కడుతుంది. పెనం మీద జొన్నరొట్టె ఎర్రబడేదీ ఇటువంటి చర్యవల్లనే, అక్కడ మంట కావాలి, ఇక్కడ అక్కరలేదు. మనకు పుట్టుకతో రంగునిచ్చే మెలనిన్‌కు ఇందులో పాత్ర ఏమీ లేదు. పొర రాలిపోగానే రంగు పోతుంది, వారం రోజుల ముచ్చట. గోరింటాకుకు దగ్గరి చుట్టమన్నమాట.

ఇక చెల్లుబాటు లెక్కకు వద్దాం. ఐరోపాలో ఒకప్పుడు ఎండకు కమిలిన ఒళ్లు పొలం కూలికి గుర్తు. కూలి జనం పొలాలు విడిచి కార్ఖానాల నీడలోకి చేరాక, 1920ల నుంచి ఆ గుర్తు తిరగబడింది. ఎండలో తీరికగా పడుకోగలిగినవాళ్లే కలిగినవాళ్లన్నమాట. అంటే దొరసాని కొనేది నలుపు కాదు, సెలవు. సముద్రపు ఒడ్డున పది రోజులు గడిపి వచ్చినట్టు కనిపించే సోకు. అది మోకాళ్ల దగ్గర చారలు కట్టినా, నారింజపండు రంగుకు తిరిగినా పదిమంది నవ్వుతారు, వారానికి మాసిపోతుంది. ఆ రంగు లేనందుకు ఆమెకు కట్నం పెరగదు, ఉన్నందుకు సంబంధం తప్పదు. మా ఖేడు పక్క తండాలనుంచి చెరకు కొట్టడానికి పొరుగు జిల్లాలకు, పొరుగు రాష్ట్రాలకు పోయివచ్చే ఆడవాళ్లకూ ఒళ్లు కమిలే ఉంటుంది. ఆ రంగును సీసాలో పట్టి అమ్మితే కొనేవారెవరు? ఒక పక్క సరదా, ఒక పక్క పరీక్ష. ఈ రెంటినీ తక్కెడలో పెట్టి ముల్లు సమంగా నిలిచిందనేవాడు తక్కెడ పట్టుకోవడం రానివాడైనా కావాలి, దొంగ తూకం వేసేవాడైనా కావాలి.

ఇంకొక నిదర్శనం. తెలుగువారి ఆడపడుచు నీనా దావులూరి 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా కిరీటం గెలుచుకొన్నది. ఆ దేశపు అందాల పోటీలకు తెల్లపిల్లలు గోధుమవన్నె పూసుకొని రావడం మామూలు. నీనాకు ఆ పని లేదు, అమ్మ కడుపునుంచే తెచ్చుకొన్నది. అక్కడి జాత్యహంకారులు ఆమెను నానా మాటలు అన్నారు, సరే, వాళ్లు అంటారు. ఇక్కడ మనవాళ్లేమన్నారు? ఈ రంగుతో మిస్ ఇండియా గడప కూడా తొక్కేది కాదన్నారు. నిజమే అన్నారు, అదే సిగ్గుచేటు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ, 2020లో పేరులోని తెలుపును తుడుచుకొని గ్లో అండ్ లవ్లీ అయినది. ఖేడు కిరాణా కొట్లలో మాత్రం ఇప్పటికీ పాతపేరుతోనే అడుగుతారు, కొట్టువాడికి అర్థమవుతూనే ఉంటుంది. మన సినిమావారి న్యాయం ఇంకా విచిత్రం. 2021లో వచ్చిన పుష్పలో కూలివాడి వేషానికి అల్లు అర్జున్‌కూ, పల్లెపిల్ల వేషానికి రష్మికకూ నలుపు పూశారు. నల్లని నటులు దొరకక కాదు. తెల్లగా ఉన్నవాడు నలుపు పూసుకొంటే నటన, నల్లగా ఉన్నవాడు నల్లగా వస్తే వేషాలు లేవు పొమ్మనడం. ఇదీ సెల్ఫ్ ట్యానరే, తీరిక ఉన్నవాళ్లదే.

ఇంతవరకు చెప్పినది మీకు కొత్త కాకపోవచ్చు. ఆ సీసా ఖేడుకు ఎందుకు వచ్చిందో ఇప్పుడు చెబుతాను, నా కోపానికి అసలు మూలం అక్కడ ఉన్నది.

మా మేనకోడలికి బొల్లి. ఇంటర్మీడియెటు రెండో సంవత్సరంలో పాదాల మీద మొదలైనది, వేళ్ల కణుపులకు పాకింది, గడ్డం పక్కన రూపాయి బిళ్లంత వచ్చింది. పిల్ల అచ్చమైన చామనచాయ, అందుచేత మచ్చలు మరీ కొట్టొచ్చినట్టు కనబడతాయి. ఇక్కడ ఆగి ఆలోచించండి. తెలుపుకోసం నెలనెలా ట్యూబులు కొనే సంఘం ఇది. ఆ తెలుపే తనంతట తాను, పైసా ఖర్చు లేకుండా, ఒక పిల్ల ఒంటి మీదికి వస్తే ఆ పిల్ల కూర్చున్న పీటను కడుగుతారు! మా పక్కింటి ముసలమ్మ కడిగింది. నేను చూశాను.

బొల్లి అంటువ్యాధి కాదు. మన ఒంటి రక్షకభటులే పొరబాటున రంగు కణాలమీద దాడి చేయడంవల్ల వచ్చేది. ప్రపంచంలో నూటికి ఒకరికి, అటూ ఇటూగా, ఉంటుంది. చేపలు తిని పాలు తాగితే వస్తుందన్నది వట్టిమాట. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు తప్పక వస్తుందన్న నియమమూ లేదు. "తెల్ల కుష్ఠు" అని ఎవడు పేరు పెట్టాడో గాని వాడు కొన్ని తరాల ఆడపిల్లల ఉసురు పోసుకొన్నాడు. సంప్రదాయం సంప్రదాయం అనేవారికి ఒకటి చెప్పాలి. మనుస్మృతి మూడవ అధ్యాయంలో సంబంధం చేసుకోరాని వంశాల పట్టీ ఒకటి ఉన్నది. అందులో బొల్లి వేరు, కుష్ఠు వేరు. అంటే మనువుకు కూడా ఈ రెండూ వేరువేరని తెలుసు. రెంటినీ వద్దన్నాడు, అది వేరే తగాదా. 2019లో పార్లమెంటు సాక్షాత్తు కుష్ఠునే విడాకుల కారణాలలోనుంచి తొలగించింది. కుష్ఠును చట్టం క్షమించింది, కుష్ఠు కాని బొల్లిని మన అత్తగార్లు క్షమించలేదు.

భాషాభిమానులు ఉన్నారు కాబట్టి మరొక మాట. మోసపు మాటలను "కల్లబొల్లి కబుర్లు" అంటాం. చెవికి ఆ బొల్లీ ఈ బొల్లీ ఒకటే. ఆ మాట వినబడ్డప్పుడల్లా పిల్ల తల దించుకోవడం నేను గమనించాను. మరి పశువుల సంతలో? నుదుట తెల్లమచ్చ ఉన్న బొల్లావును ముద్దుగా నిమిరి ఇంటికి తోలుకొని వస్తాం.

మొదట జరిగినది ఘోరం. మా అక్కయ్య సిగ్గుతో ఎవరికీ చూపకుండా ఒక మందుల దుకాణానికి పోయి "బిడ్డ మొకం మీద మచ్చలు, పోయేటందుకు ఏమన్న ఇయ్యి" అని అడిగింది. ఏ మచ్చలని వాడు అడగలేదు, ఈమె చెప్పలేదు. వాడు నల్లమచ్చల ట్యూబు ఇచ్చాడు. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్ కలిపినది. రంగు పోయినచోట, రంగును ఇంకా అణచే మందు! మూడు నెలలు రాసింది. చుట్టూ ఉన్న మంచి చర్మం పాలిపోయి, పలచబడి, నరాలు ఎర్రగా తేలి, ఎండలోకి వస్తే మంట. స్టెరాయిడు కలిసిన ఇటువంటి లేపనాలను చీటీ లేనిదే అమ్మరాదని కేంద్రప్రభుత్వం 2018లోనే నిబంధన బిగించింది. నిబంధన ఢిల్లీలో ఉన్నది, ట్యూబు ఖేడులో ఉన్నది. బొల్లికి వైద్యులు కూడా స్టెరాయిడు రాసే మాట నిజమే, కాని దానికి కొలత ఉంటుంది, గడువు ఉంటుంది, చూసే కన్ను ఉంటుంది.

తెలుపు వ్యాపారం బొల్లిని పుట్టించిన కథ కూడా ఉన్నది. జపానులో కానెబో అనే పెద్ద సంస్థ 2013 జులైలో తన తెల్లబరిచే సరుకులను అంగళ్లనుంచి వెనక్కు తీసుకొన్నది. వాటిలోని రొడోడెండ్రోల్ అనే పదార్థంవల్ల పదివేలకు పైగా ఆడవాళ్లకు తెల్లమచ్చలు వచ్చాయి. అంత దూరం ఎందుకు? కొన్ని బొట్టుబిళ్లల జిగురులోని రసాయనంవల్ల నుదుట సరిగ్గా బిళ్ల ఆకారంలో, కొన్ని రబ్బరు చెప్పులవల్ల పాదం మీద సరిగ్గా పట్టీ ఆకారంలో తెల్లబడటం మన దేశపు చర్మవైద్యులకు కొత్త కాదు. బిళ్లకింద దురద పెడుతుంటే మానేసి కుంకుమ పెట్టుకొండి తల్లులారా.

చివరకు సంగారెడ్డిలో ఒక చర్మవైద్యుడు ట్యూబును చెత్తబుట్టలో వేయించి, సరైన మందు మొదలుపెట్టి, "మందుకు నెలలు పడుతుంది, ఈలోగా కాలేజీకి పోవడానికి ఇబ్బందిగా ఉంటే డైహైడ్రాక్సీఅసిటోన్ ఉన్న లేపనం పూసుకోవచ్చు" అన్నాడు. బొల్లి మచ్చలో రంగు కణాలు లేకపోయినా పైపొర ఉంటుంది కదా, ఈ చక్కెరకు అదే చాలు. అక్కయ్య ఆడపడుచు కొడుకు డల్లాసునుంచి వస్తూ సీసా తెచ్చాడు. దానితోపాటు వచ్చిన కాగితం చూస్తే, ఒంటినిండా పులుముకొనే దొరసానికి చెప్పిన పద్ధతి. మనకు పనికిరాదు. మొదటిసారి కాగితం చెప్పినట్టే పాదమంతా పూశాం. మచ్చ గోధుమరంగుకు వచ్చింది, దానితో పాటు చుట్టూ ఉన్న మంచి చర్మం ఇంకా ముదిరింది. తేడా ఎక్కడిదక్కడే! పిల్ల ఏడ్చింది. కాబట్టి ఇలాంటి అవసరం ఉన్నవారికోసం మేము నేర్చుకొన్నది రాస్తున్నాను.

ఒళ్లు రుద్దుకొని పూయాలని కాగితంలో ఉంటుంది, పాత పొర ఎగుడుదిగుడుగా ఉంటే రంగు గడ్డలు కడుతుందని. బొల్లి ఉన్నవాళ్లు పీచుతో, గరుకురాయితో రుద్దకూడదు. గాయపడినచోట కొత్తమచ్చ పుట్టే గుణం ఈ జబ్బుకు ఉన్నది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి మెత్తని బట్టతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆ పూట నూనె, వాజిలీను ఏవీ రాయకూడదు, జిడ్డు ఉన్నచోట రంగు పట్టదు. ముందుగా మోచేతి లోపలివైపు బఠాణీ గింజంత పూసి ఒకరోజు చూడాలి. దురద, దద్దు వస్తే ఆ సీసా మీకు కాదు. తరువాత చెవిలో తిప్పుకొనే దూదిపుల్లతో మచ్చ లోపలనే పూయాలి, అంచుకు వెంట్రుకవాసి లోపలే ఆపాలి. లేపనం తనంతట కొంచెం పాకుతుంది. అంచు దాటిందా, మచ్చచుట్టూ నల్లని గాజు తొడిగినట్టు వలయం కడుతుంది. దాటితే వెంటనే తడిదూదితో తుడవాలి.

కణుపులు, చీలమండ, మడమ పొడిచర్మం, రంగును ఎక్కువ తాగుతాయి. అక్కడ పుల్లను దాదాపు పొడిగా చేసి ఒక్కసారి తగిలించాలి. రంగు వెంటనే రాదు. రెండు మూడు గంటలకు మొదలై మరునాటికి గాని నిలకడకు రాదు. మేము ఓపిక లేక గంటకొకసారి పూసి ఒకరోజు మాడిన రొట్టె రంగు తెచ్చాం. పలుచగా ఒక పూత, ఒకరోజు ఆగి చూసి, చాలకపోతే మరొకటి. మాకు మూడు పూతలకు సరిపోయింది. మరీ ముదురు నలుపు ఒంటికి ఇది పూర్తిగా కలవదు. పూసినవారి అరచేతులు వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. నేను మరిచిపోయి వారంరోజులు పొగాకు కోసినవాడిలా తిరిగాను. పూసినతరువాత ఆరేడు గంటలు నీళ్లు తగలనివ్వకుండా రాత్రి పడుకొనేముందు పూస్తే మేలు. కంటిదగ్గర, పెదవిమీద, పుండుమీద వద్దు. పిల్ల గడ్డం తేరుకొనేదాకా ముఖం జోలికే పోలేదు. అన్నిటికన్న ముఖ్యం, మచ్చ గోధుమరంగుకు వచ్చినదని మోసపోకూడదు. ఇది ఎండను ఆపదు. కింద ఉన్న చర్మానికి గొడుగు లేదు, మధ్యాహ్నపు ఎండలో కాలిపోతుంది. పొడుగు చేతులు, ఎండకు రాసే క్రీము తప్పవు.

పాదాలు, చేతులు సమంగా కుదిరిననాడు పిల్ల చెప్పులు విడిచి వాకిట్లో రెండుమూడుసార్లు అటూ ఇటూ నడిచింది. నాకు కళ్లు చెమర్చాయి. సోకు తప్పని నేను అనను. ఇష్టమైననాడు పూసుకోవచ్చు, గోరింటాకు పెట్టుకోమా?

కాని ఆ రాత్రే అక్కయ్య నన్ను పక్కకు పిలిచి, "తమ్మీ, వారం రోజులు నిలుస్తదట గద. జహీరాబాద్ నుంచి సంబంధం వస్తున్నది. చూసేటోళ్లు ఉండేది అరగంట. ఆనాడు పూస్తే సరిపోదా?" అన్నది. నేను వద్దన్నాను. పెద్ద గొడవ అయినది. "నీకు కూతురుంటే తెలుస్తుండె" అన్నది. ఆ మాటకు జవాబు లేదు. అయినా వద్దనే అన్నాను. ముఖ్యమైన సంగతి దాచి సమ్మతి పొందితే ఆ పెండ్లిని రద్దు చేయమని అడిగే వీలు హిందూ వివాహ చట్టం 12వ సెక్షనులో ఉన్నది. ఎనిమిదోనాడు రంగు దిగుతుంది, తొమ్మిదోనాడు పంచాయితీ, పదోనాడు వకీలు నోటీసు. అప్పుడు పిల్ల మోసగత్తె అవుతుంది. మచ్చ చూసి చాయ తాగకుండా లేచిపోయినవాడు మాత్రం ఎన్నడూ మోసగాడు కాడు, పెద్దమనిషే.

నా కోపం అక్కయ్యమీద కాదు. ఆమె చేత ఈ ఆలోచన చేయించినవారిమీద. పెళ్లిచూపుల్లో పిల్లను నడవమని, చేతులు చాపమని అడిగేవారిమీద. "పిల్ల మంచిదే గాని" అని ఆ "గాని" దగ్గర ఆగేవారిమీద. మైకేల్ జాక్సన్ తనకు బొల్లి ఉన్నదని 1993లోనే చెప్పుకొన్నాడు, 2009లో శవపరీక్ష రుజువు చేసింది. అయినా "తెల్లబడటానికి ఏదో పూసుకొన్నాడు" అని నేటికీ చెప్పుకొనేవారిమీద. యమదొంగలో మనం చూసిన మమతా మోహన్‌దాస్ 2023లో తన బొల్లిని తనే బయటపెట్టి ఎండలో ఫొటో తీసుకొన్నది. అంత ధైర్యం ఖేడులోని ఇరవైయేళ్ల పిల్లకు ఉండాలని శాసించే హక్కు నాకు లేదు. చివరగా, "చెల్లుకు చెల్లు" అని నవ్వించేవారిమీద, ఆరోజు నవ్విన నామీద.

సంబంధం వారు వచ్చారు. పిల్లే తేల్చింది, పూసుకోలేదు. మెట్టెలు లేని పాదాలు నేలమీద ఆనించి, మచ్చలు కనబడేటట్టే కూర్చున్నది. వచ్చినవాళ్లలో పెద్దావిడ పాదాల వంకే చూసింది, తల ఎత్తలేదు. ఫోను చేస్తామన్నారు, చేయలేదు. అక్కయ్య నాతో మాట్లాడి పదకొండు రోజులయింది. సీసా ఇంకా సగం ఉన్నది. వచ్చే శుక్రవారం స్నేహితురాలి పెండ్లికి చేతులకు పూసుకొంటానని, దూదిపుల్లలు తెమ్మని పిల్ల నిన్న ఫోనులో చెప్పింది.